పదును అంటే ఒకటి కాదు: ఇంట్లో చేసే కత్తి, దాని ఉక్కు, దాని చట్టం

పాకాల దగ్గర ఒక పల్లెలో ఇప్పటికీ కొలిమి నడుస్తోంది. పాత లారీ కమాను పట్టీ ఒకటి పట్టుకుని అక్కడికి పోయాను, దాంతో కత్తి చేయించుకుందామని. ఆచారి ఆ పట్టీని చేతిలోకైనా తీసుకోలేదు. "దేనికి నాయినా?" అని మాత్రం అడిగారు. ఊరికే, ఇంట్లో ఒక మంచి కత్తి ఉంటే బాగుంటుందని అన్నాను. "ఊరికే కత్తి ఉండదు నాయినా. మామిడికాయకా, చెరుకుకా, టెంకాయకా, కూరగాయలకా? అది చెప్తే కదా పని మొదలయ్యేది" అన్నారు.

ఆ తర్వాత నేనే తిరుపతిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక గ్రైండరు, ఒక బెంచి వైసు, నాలుగు ఆకురాళ్లు పెట్టుకుని కత్తులు చేయడం, పాతవి సరిచేయడం నేర్చుకున్నాను. వీడియోలు చూసి ఈ పని మొదలుపెట్టే కుర్రవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లు అడిగేవి దాదాపు ఇవే: ఏ ఇనుము మంచిది? పదును ఎందుకు నిలవడం లేదు? ఇంట్లో కత్తి చేస్తే పోలీసు కేసు అవుతుందా? మూడింటికీ సంబంధం లేనట్టే ఉంటుంది. కానీ లోతుకు పోయేకొద్దీ మూడూ ఆచారి అడిగిన ఆ ఒక్క మాట దగ్గరికే వస్తాయి.

"పదును" అంటే మనకు రెండు అర్థాలు

మన వైపు రైతు వాన పడ్డాక మట్టి పిడికిట్లోకి తీసుకుని "పదునైంది, దుక్కి దున్నొచ్చు" అంటాడు. నేల మరీ తడిగానూ లేదు, మరీ పొడిగానూ లేదు, పనికి సరిగ్గా ఉందని దాని అర్థం. కత్తి పదునులో కూడా ఇలాగే రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి అంచు ఎంత సన్నంగా ఉంది అనేది. ఇది సానరాయి మీద వచ్చేది. రెండోది ఆ ఉక్కు లోపలి స్థితి, అంటే ఎంత గట్టిగా ఉంది, ఎంత సాగుతుంది అనేది. ఇది నిప్పులోనూ నూనెలోనూ వచ్చేది. మొదటిది పోతే పది నిమిషాల్లో తిరిగి తెచ్చుకోవచ్చు. రెండోది పోతే కత్తి మళ్లీ కొలిమిలోకి పోవాల్సిందే.

"సాన పట్టిస్తున్నా నిలవడం లేదు" అనేవాళ్లలో చాలామందికి ఉన్న ఇబ్బంది ఈ రెండోది. వాళ్లు మాత్రం మొదటిదానికి వైద్యం చేస్తూ ఉంటారు.

ఉక్కు గట్టిపడటం ఎలా జరుగుతుంది

ఉక్కు అంటే ఇనుము, అందులో కొద్దిగా కర్బనం. ఆ కొద్ది కర్బనమే అంతా. ఇల్లు కట్టే టీఎంటీ కడ్డీలో 0.3 శాతానికి లోపే ఉంటుంది. కత్తికి పనికొచ్చే ఉక్కులో సుమారు 0.5 నుంచి 1 శాతం, కొన్నింటిలో ఇంకా ఎక్కువ.

మామూలు వేడిలో ఇనుము కర్బనాన్ని తనలో కరిగించుకోలేదు. సుమారు 800 డిగ్రీలు దాటి ఎర్రగా కాలినప్పుడు ఇనుము పరమాణువుల అమరికే మారిపోతుంది, అప్పుడు కర్బనం అందులో కరుగుతుంది. అది మెల్లగా చల్లారితే కర్బనం మళ్లీ విడిపోయి, ఉక్కు మెత్తగానే మిగులుతుంది. ఒక్కసారిగా నూనెలో ముంచితే కర్బనం బయటపడే సమయం లేక లోపలే ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకులోంచి వచ్చేదే గట్టిదనం. లోహ శాస్త్రంలో ఈ స్థితిని మార్టెన్‌సైట్ అంటారు.

వేడి సరిపోయిందా లేదా చూడటానికి చాలామంది అయస్కాంతం వాడతారు. ఇనుము సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడినుంచి ఇంకొంచెం పైకి పోతే చాలు. పట్టపగలు ఎండలో ఎరుపు రంగు సరిగా తెలియదు, ఉక్కు అవసరానికి మించి కాలిపోతుంది. కొలిమి నీడలో ఉండటం ఊరికే కాదు.

ముంచి తీసిన కత్తి గాజులాగా ఉంటుంది. ఆకురాయితో రుద్దితే పట్టదు, జారిపోతుంది. కింద పడితే విరిగినా విరుగుతుంది. అందుకే దాన్ని మళ్లీ సుమారు 200 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు ఉంచుతారు. కొంచెం గట్టిదనం పోతుంది, బదులుగా ఓర్పు వస్తుంది. రైతు చెప్పే పదును లాంటిదే ఇది, రెండు కొసల నడుమ పనికి తగిన చోటు.

ఈ గట్టిదనాన్ని రాక్‌వెల్ సి అనే కొలతలో చెబుతారు. జర్మన్ పద్ధతి వంటింటి కత్తులు 56 నుంచి 58 మధ్య, జపాన్ పద్ధతి కత్తులు 60కి పైన ఉంటాయి. టెంకాయ కొట్టే కత్తికి 60 పెడితే అంచు పెచ్చులూడుతుంది. టమోటా కోసే కత్తికి 50 పెడితే రోజూ సాన పట్టాలి. ఏది మంచిదంటే ఆచారి ప్రశ్నే మళ్లీ ఎదురొస్తుంది.

కమాను పట్టీ, బేరింగు, గరిటె: ఏది కత్తి అవుతుంది

పాత లారీ కమాను పట్టీలు మన పల్లెల్లో ఎప్పటినుంచో కొడవళ్లు, మచ్చుకత్తులు అవుతున్నాయి. వీటిలో ఎక్కువగా వాడే ఒక రకంలో కర్బనం 0.5 నుంచి 0.6 శాతం, సిలికాన్ 1.5 నుంచి 2 శాతం దాకా ఉంటుంది. దెబ్బలు తట్టుకోవడానికి తయారైన ఉక్కు కాబట్టి నరికే పనిముట్లకు చక్కగా సరిపోతుంది. బాల్ బేరింగుల ఉక్కులో కర్బనం దాదాపు 1 శాతం. సన్నని అంచును బాగా నిలుపుతుంది, కానీ వేడి విషయంలో పొరపాటును క్షమించదు.

పాత పట్టీతో ఒక చిక్కుంది. ఏళ్ల తరబడి గుంతల రోడ్ల మీద వంగి లేచిన ఉక్కు అది. కంటికి కనిపించని బీటలు ఉండొచ్చు. కత్తి అంతా అయ్యాక నూనెలో ముంచినప్పుడు "టిక్" అని ఒక చిన్న శబ్దం వస్తుంది, పని అంతా పోతుంది. ఆ శబ్దం నేను రెండుసార్లు విన్నాను. కొత్త పట్టీకి ఆ అనుమానం తక్కువ.

తెలియని ఉక్కును తెలుసుకోవడానికి పాత పద్ధతి నిప్పురవ్వలు చూడటం. కర్బనం తక్కువ ఉన్న ఇనుమును గ్రైండరుకు ఆనిస్తే రవ్వలు పొడుగ్గా గీతల్లాగా పోతాయి. కర్బనం ఎక్కువుంటే ప్రతి రవ్వా కొసన కాకరపువ్వొత్తిలాగా చీలి పూస్తుంది. ఇంకా గట్టిగా తెలియాలంటే చిన్న ముక్క కోసి, కాల్చి, నూనెలో ముంచి, గుడ్డ చుట్టి సుత్తితో విరగ్గొట్టాలి. విరిగిన చోట బూడిద రంగులో, పట్టు బట్టలాగా సన్నగా ఉంటే వేడి సరిపోయినట్టు. పంచదార పలుకుల్లాగా మెరుస్తుంటే ఎక్కువ కాలిపోయినట్టు.

ఇక స్టీలు గరిటెలు, పళ్లేలు. "ఇదీ స్టీలే కదా, కత్తి ఎందుకు కాదు?" అని అడుగుతారు. వాటిలో బాగా కనబడే 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి, కర్బనం నామమాత్రం. ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. అయస్కాంతానికి అంటుకునే స్టీలు సామాన్లన్నీ పనికొస్తాయనీ లేదు, వాటిలోనూ కర్బనం తక్కువవి ఉన్నాయి. జింకు పూత ఉన్న ఇనుమును మాత్రం కొలిమి దగ్గరికే తేకూడదు. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి.

కొట్టి చేసిందా, అరగదీసి చేసిందా

ఇక్కడ నిజంగానే రెండు వాదాలున్నాయి. ఎర్రగా కాల్చి సుత్తితో సాగదీసి కత్తి చేయడం ఒక దారి. ఉక్కు పట్టీని కత్తి ఆకారంలో కోసి, గ్రైండరు మీద అరగదీయడం రెండో దారి. ఇంట్లో చేసేవాళ్లలో ఎక్కువమందిది రెండోదే, ఎందుకంటే కొలిమి, దాగలి అక్కర్లేదు.

"దెబ్బ తింటేనే ఉక్కు బిగుస్తుంది" అని కొలిమి వైపు వాళ్లు అంటారు. ఫ్యాక్టరీలో రోలింగ్ అయి వచ్చిన ఉక్కు ముందే బిగువుగా, అంతటా ఒకేలా ఉంటుంది, సుత్తి దెబ్బతో అదనంగా సాంద్రత పెరగదు అని లోహ శాస్త్రం అంటుంది. రెండోదే నిజం. అయితే ఆచారుల మాటను కొట్టిపారేయడం తప్పు. ఆ మాట పుట్టిన కాలంలో ఇనుము ఊరి కొలుముల్లో తయారయ్యేది, అందులో చిట్టెం, అంటే మలినం, ఉండేది, దెబ్బలు దాన్ని నిజంగానే బయటికి తోసేవి. ఇప్పటికీ చివర్లో తక్కువ వేడి మీద రెండు మూడుసార్లు కాల్చి గాలిలో ఆరనిచ్చే అలవాటు లోపలి రేణువును సన్నబరుస్తుంది, కత్తికి ఓర్పునిస్తుంది. పైగా సుత్తితో సాగదీస్తే ఉక్కు వృథా కాదు. గ్రైండరు మీద మూడో వంతు దుమ్మయిపోతుంది.

నా అనుభవంలో రెండు దారుల్లో చేసిన కత్తులకూ తేడా తెచ్చేది సుత్తి కాదు, ఆ తర్వాతి వేడి. పాకాల ఆచారి కొడవలిని పూర్తిగా ముంచరు. పళ్ల వైపు మాత్రమే నీళ్లకు తాకించి, వెన్ను వైపు ఎర్రగానే ఉంచి తీస్తారు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంది. అంచు మీద ఎండుగడ్డి రంగు కనిపించగానే మొత్తం ముంచేస్తారు. గట్టి అంచు, మెత్తని వెన్ను. థర్మామీటరు లేదు, గడియారం లేదు. ఆ ఎండుగడ్డి రంగు సుమారు 220 డిగ్రీలప్పుడు వస్తుందని నేను పుస్తకాల్లో తర్వాత చదువుకున్నాను.

ఇదే సందర్భంలో "డమాస్కస్" గురించి ఒక మాట. అలల గీతలున్న కత్తుల్ని ఆ పేరుతో అమ్ముతున్నారు. ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ రెండు రకాల ఉక్కు పొరల్ని కలిపి కొట్టి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. పూర్వం పేరుపొందింది వేరు. అది దక్షిణ భారతంలో మూసల్లో కరిగించిన ఉక్కు, కర్బనం సుమారు 1.5 శాతం. నిజామాబాద్ వైపు కోనసముద్రం దానికి పెద్ద కేంద్రం. ఇంగ్లీషువాళ్లు దాన్ని "ఊట్జ్" అన్నారు. మన "ఉక్కు" మాటే అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. పొరల కత్తి మంచిదే కావొచ్చు, గీతలు మాత్రం దాని పదును గురించి ఏమీ చెప్పవు.

కొన్న కత్తిని మార్చేటప్పుడు పోయేది ఎక్కడ

చాలామంది కొత్తగా చేయడం కన్నా ఉన్నదాన్ని మార్చడంతో మొదలుపెడతారు. మొన విరిగిన కత్తిని పొట్టిగా చేయడం, మందంగా ఉన్న అంచును సన్నబరచడం, పిడి మార్చడం. ఇక్కడ జరిగే నష్టం కంటికి ఒక రంగుగా కనిపిస్తుంది.

మా అమ్మ కూరగాయల కత్తి మొన విరిగితే యాంగిల్ గ్రైండరు మీద సరిచేశాను. నాలుగంగుళాల గ్రైండరు చక్రం నిమిషానికి 11,000 సార్ల దాకా తిరుగుతుంది. కొసన ఉక్కు సన్నం, వేడి పోవడానికి దారి లేదు. మూడు నాలుగు క్షణాల్లో మొన దగ్గర ముందు పసుపు, తర్వాత గోధుమ రంగు, తర్వాత నెమలికంఠం రంగు, చివరికి నీలం. తుడిస్తే నీలం పోయింది, కత్తి బాగానే మెరిసింది. వారం తిరక్కుండానే అమ్మ "ఆ కొసన మాత్రం తెగడం లేదురా" అంది. మామూలు కర్బనపు ఉక్కు మీద నీలం అంటే ఆ చోట వేడి 300 డిగ్రీల దగ్గరికి పోయిందని అర్థం. 200 దగ్గర ఆపిన గట్టిదనం అక్కడ కరిగిపోయింది. రంగును రుద్ది పోగొట్టవచ్చు, జరిగింది మాత్రం లోపలే ఉంటుంది. చివరికి ఆ నీలం తగిలిన అర అంగుళం మొత్తం నీళ్లలో ముంచుకుంటూ చేత్తో అరగదీయాల్సి వచ్చింది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చేతికి గ్లోవ్స్ లేకుండా కత్తి పట్టుకుంటారు. వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచుతారు. చర్మం 60 డిగ్రీల్ని కూడా ఓర్చుకోలేదు కాబట్టి ఉక్కు 200 దాకా పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది.

కోణం లెక్క

అంచు ఎంత సన్నంగా ఉండాలన్నది డిగ్రీల్లో చెబుతారు, కానీ సానరాయి మీద డిగ్రీలు కనిపించవు. దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చుకుంటే అర్థమవుతుంది. కత్తి వెడల్పు 40 మిల్లీమీటర్లు అనుకుందాం. అంచు రాయికి ఆనించి, వెన్నును 10 మిల్లీమీటర్లు పైకి లేపితే ఒక్కో వైపు దాదాపు 15 డిగ్రీలు. 14 మిల్లీమీటర్లు లేపితే 20 డిగ్రీలు. 17 లేపితే 25. 15కూ 25కూ మధ్య ఏడు మిల్లీమీటర్ల తేడా అంటే పెన్సిలు మందమే. కానీ 15 దగ్గర కత్తి ఉల్లిపాయలో జారిపోతుంది, కోడి ఎముక తగిలితే అంచు మడుస్తుంది. 25 దగ్గర ఎముకను తట్టుకుంటుంది, టమోటాను నలుపుతుంది.

సాన పట్టే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు అన్ని కత్తులకూ ఒకే కోణం పడుతుంది. ఆయన తప్పేం లేదు, దేనికని మనం చెప్పలేదు.

తుప్పు పట్టేదా, పట్టనిదా

చిత్తూరు వైపు మామిడి కాలంలో ఈ వాదన ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. ఇనుప కత్తిపీట బాగా తెగుతుంది, కానీ పచ్చి మామిడి కోస్తే ముక్క అంచులు నల్లబడతాయి. పులుపు ఇనుమును కొద్దిగా కరిగిస్తుంది, ఆ ఇనుము కాయలోని వగరుతో కలిసి నల్లని రంగవుతుంది. స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది కంటికి కనపడని పొరగా మారి పులుపును ఆపుతుంది.

మరి ఇంట్లో చేసేవాళ్లు స్టెయిన్‌లెస్ ఎందుకు వాడరు? కత్తికి పనికొచ్చే స్టెయిన్‌లెస్ గట్టిపడాలంటే 1,000 డిగ్రీలు దాటాలి, ఆ వేడి దగ్గర నిలకడగా కొన్ని నిమిషాలు ఉండాలి. బొగ్గు కొలిమిలో కంటితో చూసి అది చేయడం దాదాపు కుదరదు. కర్బనపు ఉక్కుకు తుడిచి నూనె రాయడం అనే చిన్న సేవ కావాలి. ఆవకాయకు స్టెయిన్‌లెస్, మిగతా ఏడాదికి ఇనుము అని మా ఇంట్లో పంచుకున్నాం.

పిడి దగ్గర శేషాచలం అడ్డం వస్తుంది

ఈ సంగతి మన జిల్లాలకే ప్రత్యేకం. ఎర్రగా, గట్టిగా, చక్కగా నునుపు తేలే కర్ర పిడికి కావాలంటే ఇక్కడ ఎవరికైనా ముందు తట్టేది ఎర్రచందనం. అది శేషాచలం కొండల్లో, ఆ చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప సహజంగా పెద్దగా పెరగని చెట్టు. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. రాష్ట్ర అటవీ చట్టం కింద అనుమతి పత్రాలు లేకుండా దాన్ని నరకడం, తరలించడం, దగ్గర ఉంచుకోవడం నేరం. దాని స్మగ్లింగును ఆపడానికే తిరుపతి కేంద్రంగా ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఉంది. చిన్న ముక్కే కదా అనే మాట అక్కడ చెల్లదు. జింక కొమ్ము పిడి కూడా అంతే, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 పరిధిలోకి వస్తుంది.

పల్లెల్లో పనిముట్లకు తుమ్మ కర్ర వాడేవాళ్లు. చింత చేవ ఇంకా బాగుంటుంది, ముదురు ఊదా రంగు గీతలతో. ఆరడానికి ఏడాది ఓపిక పట్టాలి, లేకపోతే పిడి బిగించాక పగులుతుంది.

చట్టం ఏమంటుంది

అందరికీ టెన్షన్ ఇక్కడే. ఆయుధాల చట్టం 1959 నిర్వచనం ప్రకారం దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారుచేసిన వస్తువు, లేదా అలా మార్చిన వస్తువు ఆయుధం. కేవలం ఇంటి వాడకానికో వ్యవసాయానికో తయారైనది కాదు. "మార్చిన" అనే మాట గమనించాలి, ఇంట్లో కత్తుల్ని సవరించేవాళ్లకు అది నేరుగా తగులుతుంది.

ఆయుధాల నియమాలు 2016లో తుపాకులు కాని ఆయుధాల జాబితా వేరే ఉంది. ఖడ్గాలు, బాకులు, ఈటెలు, 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉన్న చాకులు అందులో ఉన్నాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి మినహాయింపు. జాబితాలోకి వచ్చే ఆయుధాన్ని లైసెన్సు లేకుండా అమ్మడమే కాదు, తయారుచేయడమూ మార్చడమూ చట్టంలోని 5వ సెక్షన్ ఒప్పుకోదు.

మూడు ఉదాహరణలు తీసుకుందాం. 8 అంగుళాల వంటింటి కత్తి: ఇంటి పనిముట్టు, కొలత కూడా లోపలే, చిక్కు లేదు. 12 అంగుళాల చెరుకు కత్తి: కొలత దాటింది, కానీ వ్యవసాయానికి తయారైంది కాబట్టి మినహాయింపు వర్తిస్తుంది. 7 అంగుళాల వంటింటి కత్తినే రెండో వైపు కూడా అంచు తీసి, మొన సూదిగా చేసి, బాకులాగా మార్చాం అనుకుందాం. కొలత లోపలే ఉంది. కానీ ఇప్పుడది ఏ కూరగాయకు? 9 అంగుళాల షరతు బాకులకూ వర్తిస్తుందా, చివర చెప్పిన చాకులకేనా అన్న విషయంలో ఆ వాక్యాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. షరతు అన్నిటికీ ఉందంటే ఇది జాబితా బయట. బాకులకు లేదంటే లోపల. అందుకే "9 అంగుళాల లోపు ఏదైనా పర్వాలేదు" అని అందరూ చెప్పుకునే మాట సగమే నిజం.

దగ్గర ఉంచుకోవడం వేరే ప్రశ్న. తుపాకులు కాని ఆయుధాలకు అన్నిచోట్లా లైసెన్సు అక్కర్లేదు. 4వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నోటిఫై చేస్తే అక్కడ కావాలి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ కొలతలు ఇంకా చిన్నవి, 7.62 సెంటీమీటర్ల పొడుగు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు. అంటే ఇక్కడ మామూలు కత్తి అక్కడ వీధిలో కేసు కావొచ్చు. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, అంటే మనం ఇప్పటికీ 144 అని పిలిచేదాని కింద, ఆయుధాలతో తిరగకూడదని స్థానికంగా ఆజ్ఞలు ఇస్తారు. అప్పుడు పొలానికి పోయే కొడవలికీ సంచిలో ఉన్న కత్తికీ మధ్య తేడా చూసేది అక్కడున్న అధికారి.

రేణిగుంట విమానాశ్రయంలో అయితే ఏ కత్తీ చేతి సంచిలో పోదు. బంధువులకు ఇవ్వడానికి చేసిన కూరగాయల కత్తిని కార్డుబోర్డు తొడుగులో చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టాలి. కిందటిసారి మా చెల్లెలికి తీసుకెళ్లేటప్పుడు అలాగే పెట్టాను, తొడుగు మీద "కూరగాయల కత్తి" అని రాసి.